మెడలో పైపు ఉన్నవాళ్లకి మెషిన్ మీద చలిజ్వరం ఎందుకొస్తుంది, రాకుండా ఏం చేయాలి

మీరు రాసింది ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. సోంపేట దగ్గర ఊరు, అమ్మగారికి షుగరు ఉంది, కొన్ని నెలలుగా మెడ పక్కన పెర్మ్‌క్యాత్ (ఎక్కువకాలం ఉంచే డయాలసిస్ పైపు) మీద వారానికి మూడుసార్లు డయాలసిస్. ఈమధ్య రెండుసార్లు మెషిన్ మీద పెట్టిన గంటలోపే ఒళ్లంతా వణికిపోయి, దుప్పట్లు కప్పినా ఆగక, తర్వాత జ్వరం వచ్చింది. ఇంజెక్షన్ వేసి పంపించారు, నాలుగు రోజులు బాగానే ఉంది, మళ్లీ అదే. పైపు దగ్గర ఎర్రగా లేదు, చీము లేదు. మరి ఇన్ఫెక్షన్ ఎక్కడినుంచి వస్తోంది, ఇంట్లో మేం ఏం తప్పు చేస్తున్నాం, సెంటర్ మార్చేయమంటారా అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు. డయాలసిస్ యూనిట్‌లో నర్సుగా చాలా ఏళ్లు చేశాను, ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకి పైపు పట్టుకోవడం నేర్పిస్తున్నాను. కాబట్టి మందుల సంగతి మీ నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టరు, చెప్పిందే ఖాయం, పైపు సంగతి మాత్రం నేను చెప్తాను.

అన్నిటికన్నా ముందు అర్జెంటు మాట. మళ్లీ చలి వస్తే పారాసిటమాల్ వేసుకుని, దుప్పటి కప్పుకుని ఆటో ఎక్కి ఇంటికి వచ్చేయకండి. పైపు ఉన్న మనిషికి మెషిన్ మీద వణుకు వచ్చిందంటే, వేరే కారణం తేలేదాకా అది రక్తంలో ఇన్ఫెక్షనే అనుకోవాలి. యాంటీబయాటిక్ మొదటి డోసు పడేలోపే బ్లడ్ కల్చర్ (రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) తీయాలి, వీలైతే రెండు సెట్లు. "సిస్టర్, కల్చర్ తీశాకే ఇంజెక్షన్ వేయండమ్మా" అని మీరు నోరు తెరిచి అడగాలి. ముందే మందు వేసేస్తే కల్చర్‌లో ఏమీ మొలవకపోవచ్చు, ఏ క్రిమో తెలియక గుడ్డిగా మందులు మారుస్తూ పోవాల్సి వస్తుంది. మీరు రాసినదాంట్లో కల్చర్ మాటే లేదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇక మీ అసలు ప్రశ్న. చర్మం శుభ్రంగా ఉంటే ఇన్ఫెక్షన్ ఎక్కడినుంచి?

పైపు మెడలోని పెద్ద రక్తనాళంలోకి దిగి, గుండె పై గది దగ్గర ఆగుతుంది. బయటికి కనిపించేవి రెండు కొమ్మలు, ఒకదానికి ఎర్ర క్లాంపు (పైపుని నొక్కి మూసే క్లిప్పు), ఒకదానికి నీలం క్లాంపు, చివర్లలో మూతలు. పెర్మ్‌క్యాత్ అయితే చర్మం కింద కాస్త దూరం సొరంగంలా వచ్చి ఛాతీ మీద బయటపడుతుంది, ఆ దారిలో చిన్న దూదిపట్టీలాంటి కఫ్ ఉంటుంది. మూడు నాలుగు వారాల్లో మన కండ దాన్ని పట్టేసుకుంటుంది, దాంతో బయటి క్రిములు పైపు వెంబడి లోపలికి పాకే దారి చాలావరకు మూసుకుపోతుంది. కఫ్ లేని తాత్కాలిక పైపుకి ఈ రక్షణ లేదు, అందుకే దాన్ని రెండు వారాలకి మించి ఉంచొద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తాయి. తొడలో వేసింది అంతకన్నా ముందే తీసేయాలి. మన దగ్గర తాత్కాలిక పైపుతోనే నెలలు లాగిస్తున్నవాళ్లని ఎంతమందినో చూస్తుంటాను, అది వేరే బాధ.

సరే, మీ అమ్మగారిది పాత పైపు, కఫ్ అతుక్కుంది, చర్మం దగ్గర ఏమీ లేదు. అప్పుడు మిగిలిన పెద్ద దారి ఆ రెండు మూతలే. వారానికి మూడుసార్లు డయాలసిస్ అంటే, పెట్టేటప్పుడు ఒకసారి, తీసేటప్పుడు ఒకసారి, వారంలో ఆరుసార్లు ఆ కొమ్మల నోళ్లు గాలికి తెరుచుకుంటాయి. తెరిచిన మనిషి చేతినుంచో, ఎదురుగా ఊపిరి వదులుతున్న ముక్కునుంచో, పేషెంటు సొంత చర్మం మీదనుంచో క్రిమి ఆ నోటి మరల మీద వాలితే చాలు, తర్వాత సిరంజి బిగించినప్పుడు లోపలికి వెళ్లిపోతుంది. వీటిలో స్టాఫిలోకాకస్ జాతివి ఎక్కువ, చాలామందికి ముక్కులోనూ చర్మం మీదా మామూలుగానే కాపురం ఉంటాయి. అక్కడ ఏ హానీ చేయవు. రక్తంలోకి వెళ్తేనే ప్రమాదం. 2017 నుంచి 2020 దాకా అమెరికా లెక్కలు తీసి, మామూలు మనుషులతో పోలిస్తే డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి స్టాఫిలోకాకస్ ఆరియస్ రక్తంలోకి వెళ్లే అవకాశం వంద రెట్లు ఎక్కువని అక్కడి వ్యాధి నివారణ సంస్థ సీడీసీ చెప్పింది. ఆ వందరెట్లలో పైపు వాటా పెద్దది, ఫిస్టులా (చేతిలో నరాలు కలిపి కుట్టి చేసే దారి) ఉన్నవాళ్లకి అంతకన్నా చాలా తక్కువ.

లోపలికి వెళ్లిన క్రిములు ఊరుకోవు. చెరువు మెట్ల మీద పాకుడు పట్టినట్టు పైపు లోపలి గోడకి అంటుకుని ఒక పొర కట్టుకుంటాయి, దీన్నే బయోఫిల్మ్ అంటారు. మెషిన్ ఆన్ చేసి నిమిషానికి రెండు మూడు వందల మిల్లీలీటర్ల వేగంతో రక్తం ఆ పైపులో పరిగెత్తగానే పొరలో ముక్కలు ఊడి రక్తంలో కలుస్తాయి. అరగంటకో గంటకో చలి. మిగతా రోజుల్లో మనిషి మామూలుగానే ఉంటుంది, డయాలసిస్ రోజు మాత్రం వణుకు. మీ అమ్మగారిది సరిగ్గా ఇదే వాలకం. ఇంజెక్షన్ వేస్తే రక్తంలో ఉన్నవి చస్తాయి, నాలుగు రోజులు బాగుంటుంది, పొర లోపల ఉన్నవాటిని మందు పూర్తిగా అంటలేదు కాబట్టి మళ్లీ మొదలు. పైపు అలాగే ఉంచి రెండు డోసులతో సరిపెడితే ఇది తిరగబెట్టక మానదు. డాక్టర్లు పైపు తీసి కొత్తది వేద్దామన్నా, వైరు మీద (పాత పైపులోంచి సన్నని తీగ దూర్చి, దాని మీదుగా కొత్తది) మారుద్దామన్నా డబ్బుల కోసం అంటున్నారనుకోకండి. ఆ మాట అనేవాళ్లు మన ఊళ్లలో ఎక్కువే.

వేరే కారణాలు లేవా అంటే ఉన్నాయి. ఒకే షిఫ్టులో ముగ్గురు నలుగురికి ఒకేసారి చలి వస్తే అది పైపు కాదు, ఆర్‌ఓ నీళ్లనో, మెషిన్‌లోకి వెళ్లే ద్రావణాన్నో అనుమానించాలి. ఆరోజు పక్క బెడ్డు వాళ్లకి ఎలా ఉందో మీరే కనుక్కోండి, డాక్టరుకి చెప్పండి. మలేరియా, మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగరు వాళ్లకి కాలి పుండు, ఇవీ చూడాలి. అయినా ఒక్కరికే, రెండుసార్లు, మెషిన్ మీదే అంటే నా వేలు ఆ పైపు వైపే చూపిస్తుంది.

ఇప్పుడు మూత విప్పే ఆ రెండు నిమిషాల్లో ఏం జరగాలో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇంట్లో మీరు ఎంత జాగ్రత్తపడినా ఇక్కడ తేడా వస్తే అంతా వృథా.

సిస్టరో టెక్నీషియనో మీ అమ్మగారి దగ్గరికి వచ్చేముందు చేతులు కడుక్కోవాలి, లేదంటే స్టెరిలియంలాంటి హ్యాండ్ రబ్ రాసుకుని ఆరనివ్వాలి. పక్క పేషెంటుకి వేసుకున్న గ్లౌజులతో రాకూడదు. గ్లౌజులు వేసుకున్నాక మెషిన్ బటన్లు నొక్కి, కుర్చీ జరిపి, ఫోన్ చూసి, అదే చేత్తో పైపు పట్టుకుంటే ఆ గ్లౌజు ఎందుకూ పనికిరాదు, తీసేసి మళ్లీ మొదలుపెట్టాలి. మాస్కు ఆవిడకీ ఉండాలి, మీ అమ్మగారికీ ఉండాలి, ముక్కు మీదికి. మాస్కు లేకపోతే అమ్మగారు ముఖం అవతలికి తిప్పి మాట్లాడకుండా పడుకోవాలి. ఆ సమయంలో ఫ్యాను నేరుగా మీద తిరుగుతుంటే ఆపమనండి. డ్రెస్సింగ్ మార్చేటప్పుడూ, కొమ్మలు తెరిచి ఉన్నప్పుడూ చుట్టూ బంధువులు మూగి కబుర్లు చెప్పుకోవడం బొత్తిగా పనికిరాదు.

తర్వాత రెండు క్లాంపులూ వేసి ఉన్నాయో లేదో చూసి, మూత తీసి, ఆ నోటి చివరని, పక్కనున్న మరలని క్రిమినాశక ప్యాడ్‌తో గట్టిగా రుద్దాలి. మా పిల్లలకి ఇక్కడే ఎక్కువ చీవాట్లు పడతాయి. ఊరికే తుడిచినట్టు కాదు, మరల సందుల్లో ఎండిన రక్తం, రక్తం గడ్డకట్టకుండా వేసే పాత హెపారిన్ మందు అంటుకుని ఉంటుంది, అది పోయేలా పది పదిహేను సెకన్లు రుద్దాలి. ఎర్రదానికి ఒక ప్యాడ్, నీలందానికి ఇంకొకటి, ఒక్కదానితో రెండూ కానిచ్చేయకూడదు. రుద్దాక ఆరనివ్వాలి. తడి ఆరేటప్పుడే ఆ మందు పని పూర్తవుతుంది. హడావిడిలో ఉన్నవాళ్లు వదిలేసేది ఈ ఆరబెట్టడమే. క్లోర్‌హెక్సిడిన్ స్పిరిట్ త్వరగా ఆరుతుంది, బీటాడిన్ అయితే రెండు మూడు నిమిషాలు పడుతుంది, పూయగానే తుడిచేస్తే ఉత్త రంగు పూసినట్టే. ఏది వాడాలన్నది పైపు తయారీదారు చెప్పినదాన్ని బట్టి ఉంటుంది, కొన్ని పైపులకి స్పిరిట్ పడదు.

నోరు తెరిచి ఉంచే సమయం వీలైనంత తక్కువ ఉండాలి. లోపల, రెండు డయాలసిస్‌ల మధ్య పైపు నింపి ఉంచడానికి లాక్‌గా వేసిన పాత హెపారిన్‌ని సిరంజితో బయటికి లాగి పారేయాలి, లోపలికి నెట్టకూడదు. డయాలసిస్ అయ్యాక తీసేటప్పుడూ ఇదే వరస, మళ్లీ రుద్దడం, మళ్లీ ఆరనివ్వడం, మూతలు మాత్రం కొత్తవి. తీసిన మూతని ట్రేలో పెట్టి నాలుగు గంటల తర్వాత అదే బిగిస్తే ఒప్పుకోకండి. మూత కరీదు ఎంతండీ, ఇన్ఫెక్షన్‌తో వారం రోజులు ఆస్పత్రిలో ఉంటే అయ్యేదెంత.

ఇదంతా నేను పుస్తకంలోది వల్లిస్తున్నానని అనుకోవచ్చు. అమెరికాలో 2009లో కొన్ని డయాలసిస్ సెంటర్లు కలిసి సరిగ్గా ఈ పనులే, అంటే చేతులు, మూత రుద్దడం, క్లోర్‌హెక్సిడిన్, సిబ్బందిని గమనించి తప్పులు చెప్పడం, పేషెంట్లకి నేర్పడం, పైపులు తగ్గించడం, వదలకుండా చేశాయి. రక్తంలో ఇన్ఫెక్షన్లు మొత్తంగా మూడో వంతు దాకా తగ్గాయి, పైపూ ఫిస్టులా లాంటి దారులనుంచి వచ్చేవి సగానికి పైగా తగ్గాయి. కొత్త మెషిన్లు కొనలేదు, ఖరీదైన మందు ఏదీ కనిపెట్టలేదు.

అడగడానికి భయం, నాకు తెలుసు. "ఏదైనా అంటే అమ్మని సరిగ్గా చూడరేమో" అని ప్రతి ఇంట్లోనూ ఇదే టెన్షన్. అడిగే పద్ధతి ఒకటుంది. తప్పు పట్టినట్టు కాకుండా, మీ భయంలా చెప్పండి. "సిస్టర్, అమ్మకి రెండుసార్లు చలి వచ్చింది కదా, నాకు భయంగా ఉంది, మూత దగ్గర ఇంకొంచెంసేపు రుద్దుతారా" అంటే కోప్పడేవాళ్లు తక్కువ. షిఫ్టు మారే హడావిడిలో కాదు, అమ్మగారి వంతు వచ్చినప్పుడు నెమ్మదిగా అనండి. ఇంకో ఉపాయం, అమ్మగారికే నేర్పేయండి. మాస్కు తన పర్సులోనే పెట్టుకుని, సిస్టర్ రాగానే తాను ముందు వేసుకుంటే ఎదుటివాళ్లకి కూడా వేసుకోక తప్పదు. మా యూనిట్‌లో కవిటి నుంచి వచ్చే ఒక పెద్దావిడ ఉండేది, చదువు లేదు, పైపు మీద చెయ్యి వేసేముందు మా పిల్లల్ని "చేతులు కడిగావేటి పాపా" అని అడక్క వదిలేది కాదు. మొదట విసుక్కున్నారు. తర్వాత ఆవిడ గొంతు వినపడగానే కొత్తవాళ్లు నేరుగా సింకు దగ్గరికే వెళ్లేవారు.

నర్సుల వైపు మాట కూడా ఒకటి చెప్పాలి. ఒక్కరే ఎక్కువమంది పేషెంట్లని చూడాల్సి వస్తే, బయట తర్వాతి షిఫ్టు వాళ్లు పొద్దున్న మొదటి బస్సుకి వచ్చి కూర్చుని ఉంటే, ఆ పదిహేను సెకన్లే కోతపడతాయి. మంచి మనిషి కూడా చేయలేకపోయే పరిస్థితి అది. కాబట్టి ఫిర్యాదు రాస్తే పలానా అమ్మాయి మీద రాయకండి, మనుషుల్ని పెంచమని, ప్యాడ్లు, మూతలు తెప్పించమని రాయండి.

ఇంటి సంగతి. ఇక్కడ పెద్దగా చెప్పేది లేదు గానీ మన వైపు అలవాట్లకి సంబంధించి నాలుగు మాటలు. పైపు తడవకూడదు. చెరువు స్నానం, సముద్ర స్నానం, షవరు, బోరు కింద తల పెట్టడం అన్నీ బంద్. మెడ కిందనుంచి చెంబుతో పోసుకోవచ్చు, పైభాగం తడిగుడ్డతో తుడుచుకోవాలి. తలంటు కావాలంటే వెనక్కి పడుకోబెట్టి, తల బయటికి వేలాడేలా ఉంచి, నీళ్లు వెనక్కే కారేలా ఇంకొకరు పోయాలి, అదీ డయాలసిస్‌కి వెళ్లే రోజు పొద్దున్న అయితే మేలు, డ్రెస్సింగ్ కాస్త తడిసినా అక్కడ ఎలాగూ మారుస్తారు. పసుపు, విబూది, కొబ్బరినూనె, పౌడరు, వేపాకు ముద్ద ఏదీ పైపు చుట్టుపక్కలకి రానివ్వకండి. పసుపు మంచిదే కదా అని నాతో వాదించిన అత్తగార్లు చాలామంది. ఆ పసుపు కొమ్ము ఏ రోట్లో దంచారో, ఏ చేత్తో రాశారో దానికి పూచీ లేదు కదండీ.

గుడ్డ డ్రెస్సింగ్ అయితే ప్రతి డయాలసిస్‌కీ మార్చాలి. పారదర్శకంగా ఉండే స్టిక్కరు అయితే వారం దాకా ఉంచవచ్చు, తడిసినా, ఊడినా, లోపల చెమ్మ కనిపించినా వెంటనే మార్చాలి. ఏప్రిల్, మే ఉక్కపోతలో స్టిక్కరు నిలవదు, చెమటకి అంచులు లేచిపోతాయి, అప్పుడు గుడ్డదే నయం. రాత్రి డ్రెస్సింగ్ ఊడిపోతే ఏం చేయాలో ముందే నేర్చుకోండి. చేతులు సబ్బుతో కడుక్కుని, మాస్కు వేసుకుని, శుభ్రమైన గాజ్ గుడ్డ (డ్రెస్సింగ్ గుడ్డ) ముక్క పైన పెట్టి టేపు వేసి, పొద్దున్నే సెంటరుకి తీసుకెళ్లాలి, అంతే. ఒక ప్యాకెట్ గాజ్ గుడ్డ, టేపు ఇంట్లో ఎప్పుడూ ఉంచుకోండి. మనది తుపాన్ల జిల్లా. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు చెట్లు పడి దారులు మూసుకుపోయి, కరెంటు లేక పేషెంట్లు పడ్డ పాట్లు ఉద్దానం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఆటోలో, బస్సులో వెళ్లేటప్పుడు మెత్తటి ఉతికిన బట్ట మెడ మీద వదులుగా కప్పుకుంటే చాలు, పొలంలో చెమట తుడుచుకున్న తువ్వాలు కాదు. పైపు పక్కన కత్తెర, బ్లేడు వాడకూడదు. పైపు కొమ్మలు గొలుసుకీ జాకెట్టు హుక్కుకీ తగిలి లాగకుండా టేపుతో అంటించి ఉంచాలి. ఒకవేళ మూత ఊడినా, కొమ్మ చిట్లినా, ఆ పగులుకీ ఒంటికీ మధ్యలో క్లాంపు వేయండి, లేకపోతే అక్కడే మడిచి గట్టిగా పట్టుకోండి, గాలి లోపలికి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఎడమ పక్కకి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. పైపు మొత్తంగా బయటికి వచ్చేస్తే, అది బయటికి వచ్చిన చోటూ, మెడ దగ్గర నరంలోకి దిగిన చోటూ రెండూ శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, పడుకోబెట్టే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ పైపు డయాలసిస్‌కి తప్ప ఇంక దేనికీ కాదు. నీరసంగా ఉందని ఊళ్లో డాక్టరు దగ్గరికి వెళ్తే "నరం దొరకట్లేదు, పైపు ఉంది కదా" అని దాంట్లోంచి సెలైన్ ఎక్కించేవాళ్లు, రక్తం తీసేవాళ్లు ఉన్నారు. చస్తే ఒప్పుకోకండి. డయాలసిస్ పేషెంటుకి ఇష్టం వచ్చినట్టు సెలైన్ ఎక్కించడమే ఒక ప్రమాదం, దానికి ఈ దారి ఇంకో ప్రమాదం. మొహమాటపడకుండా "ఇది డయాలసిస్ వాళ్లు తప్ప ఎవరూ ముట్టుకోకూడదట" అని చెప్పేయండి.

ఎప్పుడు పరిగెత్తాలి? 100.4 దాటిన జ్వరం, చలి, పైపు చుట్టూ నొప్పి, చీము, సొరంగం వెంట ఎరుపు, వీటికి మర్నాటి డయాలసిస్ దాకా ఆగకూడదు. ఇంకోటి గుర్తుపెట్టుకోండి, షుగరు ఉన్న పెద్దవాళ్లకి జ్వరం రాకపోవచ్చు కూడా. ఊరికే బీపీ పడిపోవడం, వాంతులు, తికమకగా మాట్లాడటం, పిలిస్తే మత్తుగా పలకడం, ఇవే గుర్తులు కావచ్చు.

కల్చర్‌లో ఏం వచ్చిందన్నదాన్ని బట్టి వైద్యం మారుతుంది. స్టాఫ్ ఆరియస్ గానీ ఫంగస్ గానీ వస్తే, సొరంగంలో చీము ఉంటే, బీపీ నిలబడకపోతే, మందు వేసినా రెండు మూడు రోజుల్లో జ్వరం దిగకపోతే సాధారణంగా పైపు తీసేస్తారు. కొన్ని రకాల క్రిములకి మందు ఇస్తూనే వైరు మీద కొత్త పైపు మారుస్తారు, లేదా పైపు లోపలే యాంటీబయాటిక్ లాక్ వేసి చూస్తారు. మందు మామూలుగా రెండు మూడు వారాలు, గుండె కవాటాలకో ఎముకకో పాకితే ఆరు వారాలో అంతకంటే ఎక్కువో. వాంకోమైసిన్‌లాంటివి డయాలసిస్ రోజునే ఇచ్చే వీలుంది, రోజూ చేతికి కాన్యులా గుచ్చాల్సిన పని ఉండకపోవచ్చు, అడగండి. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపేయకండి. తగ్గిన కొన్ని వారాలకి కూడా విడవకుండా నడుంనొప్పి వస్తే వయసు నొప్పి అనుకోవద్దు, క్రిమి వెన్నెముకలో కూర్చుని ఉండొచ్చు. గుండెకి ఎకో తీయాలా అని కూడా డాక్టర్ని అడగండి.

ఎవరో మీకు టారోలిడిన్ (క్రిముల్ని చంపే మందు) లాక్ గురించి చెప్పారని రాశారు. నిజమే, హెపారిన్‌తో కలిపిన టారోలిడిన్ లాక్‌కి 2023 నవంబరులో అమెరికా మందుల అనుమతి సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, దాని పరీక్షలో ఉత్త హెపారిన్ కన్నా ఇన్ఫెక్షన్లు 71 శాతం తగ్గాయి. మందు మంచిదే. కానీ మూత రుద్దని చోట, మాస్కు లేని చోట దానికోసం అప్పు చేయడం నాకు నచ్చదు. ముందు ఉచితంగా దొరికేవి సరిచేయించుకోండి.

ఇప్పుడు అసలైన విరుగుడు, ఫిస్టులా. మీ ప్రశ్నలో ఆ మాట లేకపోవడం చూసి నాకు బాధేసింది. చేతిలో ధమనినీ సిరనీ కలిపి కుడతారు, 1966 నుంచి ఉన్న పద్ధతి. కుట్టాక నరం లావెక్కి సూదికి పనికిరావడానికి నెలన్నర నుంచి మూడు నెలలు పడుతుంది, షుగరు వాళ్లకి ఇంకాస్త. బయటికి వేలాడే పైపు లేదు, తెరిచే మూత లేదు, స్నానం మామూలుగా చేయొచ్చు. ఆ చేత్తో బరువులెత్తలేమని, కొబ్బరికాయలు వలవలేమని, జీడిపిక్కల పని పోతుందని మనవాళ్లు వాయిదా వేస్తారు. కుట్టిన కొత్తలో జాగ్రత్త ఉండాలి, నిజమే, ఆ తర్వాత చాలామంది మామూలు పనులు చేసుకుంటున్నారు. ఇంకొందరు "పైపు సుఖంగానే ఉంది, సూది గుచ్చుడు లేదు" అంటారు. ఆ సుఖం ఎన్నాళ్లో మీరు ఇప్పుడు చూస్తున్నారు.

కాబట్టి ఈ ఇన్ఫెక్షన్ తగ్గగానే ఫిస్టులాకి రోజు ఖాయం చేయించుకోండి. అప్పటిదాకా ఎడమ చెయ్యి, కుడిచేతివాటం కాకపోతే కుడి చెయ్యి, దాచిపెట్టండి. ఆ చేతికి బీపీ పట్టీ, రక్తపరీక్ష, కాన్యులా వద్దు, తప్పదంటే అరచేతి వెనక. డాప్లర్ స్కాన్ చేసి నరాలు సరిపోతాయో లేదో చెప్తారు, సన్నగా ఉంటే గ్రాఫ్టు, అంటే చర్మం కింద కృత్రిమ గొట్టం కుట్టే దారి ఉంది. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన 200 పడకల కిడ్నీ ఆస్పత్రి మీకు దగ్గరే, ముందు అక్కడ కనుక్కోండి, వాస్కులర్ సర్జన్ ఎప్పుడు అందుబాటులో ఉంటారో అడగండి, కుదరకపోతే శ్రీకాకుళం జీజీహెచ్, విశాఖ కేజీహెచ్ ప్రభుత్వ ఆస్పత్రులు. ఎన్టీఆర్ వైద్యసేవలో, అదే పాత ఆరోగ్యశ్రీలో, ఏ ఆపరేషన్ ఎక్కడ వస్తుందో ఆస్పత్రిలోని కౌంటర్ దగ్గరే తేలుతుంది, బయట ఎవరో చెప్పింది నమ్మి తిరగకండి.

చివరగా సెంటర్ మార్చాలా అన్నారు. నేనైతే వెంటనే మార్చను. పైపులో పొర ఉండగా ఎక్కడికి వెళ్లినా చలి మీ వెంటే వస్తుంది, కొత్త సెంటర్ని కూడా తిట్టుకుంటారు. ముందు ఉన్నచోటే కల్చర్, పైపు సంగతి తేల్చుకోండి. తర్వాత పైన చెప్పినట్టు మర్యాదగా అడిగి చూడండి, వారం పది రోజుల్లో తేడా కనిపిస్తే అక్కడే ఉండండి. వెళ్లిన ప్రతిసారీ గంట దూరం తగ్గడం కూడా ఆ ఒంటికి వైద్యమే. అడిగినా మూతలు మార్చకపోయినా, గ్లౌజులు మార్చకపోయినా, కల్చర్ తీయడానికి ఒప్పుకోకపోయినా, అప్పుడు మార్చండి, మనసులో ఏమీ పెట్టుకోకుండా. వెళ్లేటప్పుడు కల్చర్ రిపోర్టు, ఏ మందు ఎన్ని డోసులు పడ్డాయో, పైపు వేసిన తేదీ, డ్రై వెయిట్ (ఒంట్లో ఎక్కువ నీరు తీశాక ఉండాల్సిన బరువు), హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ రిపోర్టులు రాయించి పట్టుకెళ్లండి, అవి లేకపోతే కొత్తచోట మెషిన్ మీద పెట్టడానికే ఆలస్యం చేస్తారు. కల్చర్ వచ్చాక అందులో ఏముందో ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.